సాయం ఉద్యోగం ఉన్నవాళ్లకేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ప్రైవేట్ టీచర్లందరికీ కరోనా సాయం అందిందని గత వారం మీ జిల్లా పేజీలో వేశారు. చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. అందరికీ అందలేదండీ. నాకు రాలేదు, నాతో పాటు పనిచేసిన మరో నలుగురికీ రాలేదు.

నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని 2021 ఏప్రిల్ 8న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించినప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. కానీ పేరు బడి నుంచే వెళ్లాలన్నారు. 2020 మార్చిలో బడులు మూతపడగానే 'అవసరమైతే పిలుస్తాం' అని మమ్మల్ని పంపించేసింది ఆ బడే కదా! ఆన్‌లైన్ క్లాసులకు ఉంచుకున్న ముగ్గురి పేర్లే పంపారు. వాళ్లకు రావాల్సిందే, కాదనను. ఉద్యోగం పోయినవాళ్ల సంగతేమిటి?

ఆఫీసుకు వెళ్తే తొమ్మిదేళ్లు పనిచేసినట్టు ఆధారం తెమ్మన్నారు. జీతం కవర్లో పెట్టి ఇచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకునేవాళ్లు. ఆ రిజిస్టర్ వాళ్ల బీరువాలో ఉంది. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఈఎస్ఐ ఉండి ఉంటే ఉద్యోగం పోయినందుకు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ పథకం కింద 90 రోజుల పాటు సగం జీతమైనా అడిగేదాన్ని. ఇన్నేళ్లలో తనిఖీకి వచ్చిన అధికారులు గదులు చూశారు, గ్రౌండ్ చూశారు. టీచర్లకు జీతం ఎంత ఇస్తున్నారని ఒక్కరూ అడగలేదు.

2021 మే నెలలో ఉపాధి హామీ పనికి పోయాను. అప్పుడు రోజు కూలి 245 రూపాయలని పేరు, తవ్విన మట్టి కొలతలు వేశాక అంత కూడా పడలేదు. తట్ట ఎత్తబోతుంటే, నేను లెక్కలు చెప్పిన పిల్లవాడి తల్లి వచ్చి, "మీరు కూసోండి టీచర్, మీ మట్టి నేను పోస్త" అంది. పనికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు గానీ, ఆ మాటకు కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

ప్రభుత్వ ఉద్యోగం చూసుకోమంటారు. ఎక్కడుంది? రాష్ట్రంలో 1.91 లక్షల ఖాళీలున్నాయని ఉద్యోగుల జీతాల సవరణకు ప్రభుత్వం వేసిన బిస్వాల్ కమిటీయే 2020 చివర్లో చెప్పింది. టీచర్ ఉద్యోగానికి కావాల్సిన అర్హత పరీక్ష టెట్‌ను 2017 తర్వాత 2021 దాకా పెట్టలేదు. మా చెల్లెలు 2018లో బీఈడీ పూర్తి చేసింది, అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆ పరీక్ష రాయలేదు. టెట్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుందని కేంద్రం 2021 జూన్‌లో చెప్పింది. పరీక్షే లేనివాళ్లకు అది ఏం పనికొస్తుంది? 2018 ఎన్నికలప్పుడు చెప్పిన 3,016 రూపాయల నిరుద్యోగ భృతి కోసం కూడా ఇంకా చూస్తూనే ఉన్నాం.

కలెక్టర్ గారికి మీ పత్రిక ద్వారా నా మనవి ఒక్కటే. బడి పంపిన జాబితాతో సరిపెట్టకుండా, ఉద్యోగం పోయినవాళ్లు నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించండి. 2020 మార్చి నాటి హాజరు రిజిస్టర్లు బడుల నుంచి తెప్పించండి. అవి దొరకలేదంటే మా ఊరి పిల్లల ప్రోగ్రెస్ కార్డులున్నాయి. క్లాస్ టీచర్ అన్నచోట తొమ్మిదేళ్ల నా సంతకాలు ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చి చూపిస్తాను.

- ఒక ప్రైవేట్ టీచర్, జగిత్యాల జిల్లా, 2021