సంతకానికేనా తల్లిదండ్రులు?

సంపాదకునికి,

మా ఊరి ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీలో నేనొక సభ్యురాలిని. ఆమధ్య మీటింగ్ అంటే కూలి మానుకుని వెళ్లాం. వెళ్లేసరికి తీర్మానం రాసేసి ఉంది. 3, 4, 5 తరగతుల్ని పక్క ఊరి బడికి మార్చడానికి మాకు అభ్యంతరం లేదట! దారిలో వాగు ఉంది, వానాకాలం పిల్లలు ఎలా దాటుతారని ఒకామె అడిగితే, వచ్చిన అధికారి ‘పైనుంచి ఆర్డరమ్మా, నా చేతిలో ఏముంది’ అన్నారు. అలాంటప్పుడు మా సంతకం ఎందుకో అర్థం కాలేదు. ఇద్దరు పెట్టారు, మిగతావాళ్లం లేచి వచ్చేశాం.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సిందీ కమిటీయే. మా ఊళ్లో మాత్రం కాగితం మీదే ఉంది.

2022లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 117తో మూడో తరగతి నుంచి పిల్లల్ని హైస్కూళ్లకు పంపినప్పుడు ఎన్ని ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారో అందరూ చూశారు. చివరికి ఆ జీవో రద్దయింది. ముందే అడిగి ఉంటే ఆ టెన్షన్ పిల్లలకు తప్పేది. ఒక టీచరే ఐదు తరగతులు చెప్పడం మంచిది కాదని మాకూ తెలుసు. మేం బడుల విలీనానికి శత్రువులం కాదు.

ప్రతిపాదనను కనీసం పదిహేను రోజుల ముందు బడి గోడకు అంటించాలి. మీటింగ్ సాయంత్రం, పనుల నుంచి వచ్చాక పెట్టాలి. మా అభ్యంతరాలను మినిట్స్ పుస్తకంలో మా మాటల్లోనే రాయాలి. పిల్లలు పక్క ఊరికి వెళ్లడానికి ఆటో ఇస్తామంటే ఎవరు, ఎప్పటినుంచి ఇస్తారో కూడా అందులోనే రాయాలి.

- ఒక కమిటీ సభ్యురాలు, శ్రీకాకుళం జిల్లా