ఆ నెక్‌బ్యాండ్ ఇక మన షాపులో దొరకదు

ఏళ్ల తరబడి మన షాపుకు వస్తున్నవాళ్లకు ఈ సంగతి నేనే చెప్పాలి. కాల్స్ మాట్లాడుకోవడానికి అందరూ అడిగి మరీ తీసుకెళ్లే 1,200 రూపాయల నెక్‌బ్యాండ్‌ను, అంటే మెడలో వేసుకునే బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌ను, ఇక అమ్మను. స్టాకు లేక కాదు. సీలు విప్పని పెట్టెలు గోడవారగా పేర్చి ఉన్నాయి. అవన్నీ హోల్‌సేలర్‌కు తిరిగి వెళ్లిపోతాయి.

ఆ మోడల్‌ను నేను ఆషామాషీగా ఎంచుకోలేదు. విజయవాడలో మన దగ్గరికి వచ్చేవాళ్లలో పాటలు వినేవాళ్ల కంటే ఫోన్ మీద బతికేవాళ్లే ఎక్కువ. ఎల్‌ఐసీ ఏజెంట్లు, లోన్ల టెలీకాలర్లు, ఆన్‌లైన్‌లో ట్యూషన్ చెప్పే టీచర్లు, ట్రావెల్స్ బుకింగులు చూసే కుర్రాళ్లు. వీళ్లకు పాటల్లో దడదడలాడే బేస్ అక్కర్లేదు, తమ మాట అవతలివాళ్లకు స్పష్టంగా వినపడితే చాలు. పాత లాట్‌లో రెండు మైకులు ఉండేవి. ఒకటి మన గొంతును, రెండోది చుట్టూ ఉన్న మోతను పట్టుకునేది. రెండింటినీ పోల్చుకుని లోపలి చిప్ ఆ మోతను తగ్గించేది. ఏలూరు రోడ్డు మీద సాయంత్రం పూట నిలబడి మాట్లాడినా అవతల అర్థమయ్యేది. అందుకే ఇన్నాళ్లూ ధైర్యంగా చేతిలో పెట్టాను.

కొత్త లాట్ వచ్చాక ఒక ఏజెంట్ గారు వచ్చి, "ఎస్ అని చెప్తే కస్టమర్లు ఎఫ్ అని రాసుకుంటున్నారండీ" అన్నారు. ఆ మాట వినగానే నాకు అనుమానం వచ్చింది. బ్లూటూత్ కాల్‌లో పాత పద్ధతి ప్రకారం గొంతు 8 కిలోహెర్ట్జ్ శాంపిలింగ్‌తో, అంటే సెకనుకు ఎనిమిది వేల సార్లు కొలిచి, వెళ్తుంది. అలా కొలిస్తే అందులో సగం, 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్న సన్నని శబ్దం అసలు దాటదు. ఎస్, ఎఫ్ మధ్య తేడా చాలావరకు ఆ పైభాగంలోనే ఉంటుంది. దీన్ని 16 కిలోహెర్ట్జ్‌కు పెంచే వైడ్‌బ్యాండ్ పద్ధతి 2011లోనే వచ్చింది, మన పాత లాట్‌లో ఉంది కూడా. కొత్తదానిలో దాన్ని తీసేశారేమో అని పాత పీసు, కొత్త పీసు ఒకే ఫోన్‌కు మార్చి మార్చి కలిపి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి, లోపలి గదిలో మా అబ్బాయిని వినమన్నాను. పాతదానిలో మాట విడివిడిగా వినిపించింది. కొత్తదానిలో గొంతు ముద్దగా, ఫ్యాన్ హోరులో కలిసిపోయింది.

తర్వాత కాల్ నడుస్తుండగానే మైకు రంధ్రాలను ఒక్కొక్కటిగా వేలితో మూసి చూశాను. మొదటిది మూస్తే గొంతు పడిపోయింది. రెండోది మూస్తే ఏ మార్పూ లేదు. ఒక పీసు విప్పేశాను. బయటికి రెండు రంధ్రాలు కనిపిస్తున్నాయి, జాలీ కూడా ఉంది. రెండోదాని వెనక మైకు లేదు. వైరు లేదు. ఉత్త ప్లాస్టిక్ గోడ. పాతదానిలో బ్యాటరీ మీద 180 ఎంఏహెచ్ అని ఉంటే ఇందులో 120 ఉంది. పెట్టె అదే, మోడల్ నంబరు అదే, "డ్యూయల్ మైక్" అన్న అచ్చు కూడా అదే.

హోల్‌సేలర్‌కు ఫోన్ చేశాను. ఎన్నో ఏళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను, ఒక్కసారి కూడా పేమెంట్ ఆలస్యం చేయలేదు. కంపెనీవాళ్లు మార్చి ఉంటారు, నాకు తెలియదు అన్నా సర్దుకునేవాడిని. ఆయన అన్నది ఇది: "నువ్వు అమ్మేది పన్నెండొందల సరుకు. నీ ఏజెంట్లకు, డ్రైవర్లకు ఇంతకంటే ఏం కావాలి?" కడుపు రగిలిపోయింది. రోజుకు ఎనిమిది గంటలు ఫోన్‌లో మాట్లాడి ఇల్లు నడిపే మనిషి చెవికి, ఖరీదైన ఫోన్ కొన్నవాడి చెవికి తేడా ఏమిటి? నన్ను అన్నా పడేవాడిని, మిమ్మల్ని అన్నాడు.

ఇంట్లో మాత్రం వేరే మాట వచ్చింది. రేటు తగ్గించి, ఒకటే మైకు అని చెప్పి అమ్మితే తప్పేముంది అన్నారు. షాపు అద్దెలో పెద్ద భాగం ఆ ఒక్క ఐటమ్ మీదే వచ్చేది కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసుకోలేకపోయాను. కొన్ని రాత్రులు నిద్ర పట్టలేదు. కానీ పెట్టె మీద అబద్ధం అచ్చేసి ఉంటే, ప్రతి మనిషికీ అది నిజం కాదని చెప్తూ నేను ఎలా అమ్మేది? నేను లేనప్పుడు కౌంటర్‌లో కుర్రాడు చెప్పడం మర్చిపోతే? అందుకే ఆపేశాను. రేటు ఇంకా తగ్గిస్తానని హోల్‌సేలర్ మళ్లీ ఫోన్ చేశాడు. తీసుకోను. ఎంత తగ్గించినా తీసుకోను.

కొత్త లాట్ పీసు మీ దగ్గర ఉంటే తీసుకురండి. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు, మీ నంబరు రిజిస్టర్‌లో ఉంటుంది. డబ్బు వాపసు ఇస్తాను, లేదా ఆ మొత్తం తగ్గించి వేరేది ఇస్తాను. మీది ఏ లాట్ అని అనుమానమైతే నేను చేసినట్టే రంధ్రాలు మూసి చూడండి.

ఇప్పుడు కాల్స్ కోసం తెప్పించినది తలకు పెట్టుకునే రకం, నోటి దాకా మైకు కాడ వచ్చేది. 2,600 అవుతుంది. రెట్టింపు పైనే, తెలుసు. మైకు నోటికి దగ్గరగా ఉంటే మోత దానంతట అదే తక్కువ వెళ్తుంది, ఏ చిప్పూ దానికి సాటి రాదు. చెవి దిండ్లు రెండు రకాలు ఉన్నాయి. రెగ్జిన్‌వి బయటి చప్పుడు బాగా ఆపుతాయి గానీ మన ఎండలకు చెమట పట్టి ఏడాదిలోపే పొట్టు లేస్తాయి. స్పాంజ్‌వి గాలి ఆడతాయి, విడిగా దొరుకుతాయి, మార్చుకోవచ్చు. గంటల కొద్దీ పెట్టుకునేవాళ్లు స్పాంజ్‌వే తీసుకోండి. ఒంటి చెవి హెడ్‌సెట్ అడిగేవాళ్లకు మాత్రం ఇప్పుడు పెద్దగా చూపించలేను. జాబ్రా లాంటి పెద్ద హెడ్‌సెట్ కంపెనీయే తన ఒంటి చెవి టాక్ సిరీస్‌ను ఆపేస్తున్నట్టు 2024లో ప్రకటించింది.

ల్యాప్‌టాప్‌కు కలిపేవాళ్లకు ఒక మాట. మీటింగ్‌లో మైకు ఆన్ కాగానే సౌండ్ పల్చబడితే పీసు పాడైందని కంగారు పడొద్దు. మామూలు బ్లూటూత్ మంచి స్టీరియో సౌండును, మైకును ఒకేసారి మోయలేదు. హెడ్‌సెట్‌తో పాటు వచ్చే యూఎస్‌బీ డాంగిల్‌ను (ల్యాప్‌టాప్‌కు గుచ్చే చిన్న పుల్లను) పెట్టుకుంటే మాట నిలకడగా ఉంటుంది. మాట తెగుతుంటే వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి, ఎందుకంటే బ్లూటూత్ నడిచేది 2.4లోనే.

ఎక్కడ కొన్నా పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే నంబరు చూసుకోండి. బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. అది భద్రతకే గ్యారంటీ, మైకుకు కాదు. మైకు సంగతి మాత్రం ఇకపై ప్రతి లాట్‌లోనూ ఒక పీసు విప్పి చూసి, విప్పిన పీసును కౌంటర్ మీదే పెడతాను.

కొనే ముందు అరగంట షాపులో కూర్చుని పెట్టుకుని చూడండి, ఎవరూ తొందరపెట్టరు. కళ్లజోడు వాడేవాళ్లు కళ్లజోడుతో, బుట్టలు పెట్టుకునేవాళ్లు బుట్టలతోనే రండి. నొక్కుకుంటోందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం రెండింటి వరకే ఉంటాం.