పాత కార్ల ఛాసిస్ సంగతి కూడా రాయండి

సంపాదకుడు గారికి, నమస్కారం.

పాత కార్లను బాగుచేయించుకుంటున్నవాళ్ళ గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. మెరిసే రంగులు, కొత్త సీట్లు, క్రోమ్ బంపర్లు అన్నీ ఫొటోల్లో చూపించారు. బండి మొత్తాన్ని మోసే ఛాసిస్ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నేను ఓడలకు రంగులు వేసే విభాగంలో ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఉప్పుగాలి ఇనుమును ఏం చేస్తుందో ఉద్యోగమంతా చూశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా వీధిలో ఒకాయన దగ్గర స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. 1960ల్లో మద్రాసులో తయారైన బండి, వాళ్ళ నాన్నగారు కొన్నది. అంబాసిడర్‌కు, పద్మినికి ఛాసిస్ విడిగా ఉండదు, బాడీతోనే కలిసి ఉంటుంది. హెరాల్డ్‌కు అలా కాదు. విడి ఛాసిస్ మీద బాడీని బోల్టులతో బిగిస్తారు. ఛాసిస్ నడుమ నుంచి రెండు పక్కలకూ చాచుకుని వచ్చే అవుట్‌రిగ్గర్లు బాడీ బరువు మోస్తాయి. తుప్పు పట్టేది ముందు వాటికే. లోపల డొల్ల, నీళ్ళు పోవాల్సిన కంతల్లో బురద గడ్డకట్టి ఉంటుంది.

ఆయన ఆ బండిని నగరంలోని ఒక గ్యారేజీకి ఇచ్చారు. వాళ్ళు బాడీ దించలేదు. కింద చెయ్యి అందినంత మేర వైర్ బ్రష్‌తో గీకి, నల్లటి తారు పెయింట్ దట్టంగా కొట్టి ఇచ్చారు. చూడ్డానికి కొత్త ఛాసిస్‌లాగే ఉంది. తర్వాతి వానాకాలానికి డ్రైవర్ వైపు డోరు సరిగా పడటం మానేసింది. నన్ను పిలిస్తే వెళ్ళాను. కింద పడుకుని చిన్న సుత్తితో తడుతూ వచ్చాను. గట్టి ఇనుము ఖంగుమంటుంది. డ్రైవర్ సీటు కింద అవుట్‌రిగ్గర్ దగ్గరికి వచ్చేసరికి ఆ మోత లేదు. స్క్రూడ్రైవర్ ఆనిస్తే తారు పొరలోంచి సులువుగా లోపలికి దిగిపోయింది. వెనక రేకు లేదు. తడిసిన తుప్పు అప్పడం ముక్కల్లా మొహం మీద రాలింది. బయటి నీళ్ళను తారు ఆపి ఉండొచ్చు, కానీ అప్పటికే లోపలున్న తడిని ఎండనివ్వలేదు. పైగా జరుగుతున్న నష్టం కంటికి కనిపించకుండా కప్పేసింది.

ఇంకో అలవాటు చూస్తుంటే భయమేస్తుంది. బాత్రూములు కడిగే యాసిడ్‌తో తుప్పు తీయిస్తారు. ఇనుము తెల్లగా తేలుతుంది కాబట్టి ఓనరుకు నమ్మకం కుదురుతుంది. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. అతుకుల సందుల్లోకి దూరిందంటే ఎంత కడిగినా దాని క్లోరైడ్ పూర్తిగా పోదు. సముద్రపు ఉప్పులో ఉండి తుప్పును వేగంగా పెంచే పదార్థం కూడా ఆ క్లోరైడే. తీరం దగ్గర ఉప్పు బోరు నీళ్ళతో ఛాసిస్ కడిగినా ఇదే బాధ. ఆఖరి కడుగు మంచినీళ్ళతోనే ఉండాలి.

బాడీ దించి, ఛాసిస్‌ను గ్రిట్ బ్లాస్టింగ్ చేయించడమే, అంటే గాలి ఒత్తిడితో గరుకు రవ్వను కొట్టి తుప్పు రాల్చడమే సరైన పద్ధతి. అయితే ఇసుకతో వద్దు. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. ఏ ఇసుకైనా ఆ దుమ్ము పీల్చే కుర్రాడికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. రాగి తీయగా మిగిలే చిట్టెం రవ్వ (కాపర్ స్లాగ్) గానీ, గార్నెట్ అనే గట్టి ఖనిజపు రవ్వ గానీ వాడమనండి. ముందుగా ఛాసిస్ నంబరు మీద పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి, ఆ చోటికి మందంగా టేపు వేయాలి. తుప్పు కొంత తినేసిన అంకెల్లో మిగిలినదాన్ని కూడా గ్రైండరు, గ్రిట్టు చెరిపేస్తే ఆర్టీఓ ఆఫీసులో ఏమని జవాబు చెప్పుకుంటారు?

బ్లాస్టింగ్ అయిన ఇనుము బూడిద రంగులో, చెయ్యి వేస్తే గరగరలాడుతూ ఉంటుంది. మా విశాఖ గాలిలో పొద్దున చేసి రాత్రికి వదిలేస్తే నారింజ ఛాయ తిరుగుతుంది. అందుకే ఆ రోజే ఇనుముకు గట్టిగా అంటుకునే మొదటి పూత, ఎపాక్సీ ప్రైమర్, పడాలి. గాలిలో తేమ 85 శాతం దాటినా, గాలిలోని తేమ నీటిబొట్లుగా పట్టే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే ఇనుము కనీసం 3 డిగ్రీలు వేడిగా లేకపోయినా ఓడల దగ్గర పెయింట్ డబ్బా మూత తీయనివ్వం. స్ప్రే గన్ పట్టుకునే ముందు అంచులకూ వెల్డింగ్ గీతలకూ బ్రష్‌తో ఒక చుట్టు వేయించాలి. పదునైన అంచు మీద పెయింట్ నిలవదు, ఆరేలోగా రెండు పక్కలకూ జారి పలచబడుతుంది. తుప్పు కూడా అక్కడే మొదలవుతుంది. పెయింటంతా ఆరాక, వెల్డింగులన్నీ అయిపోయాక, సన్నటి గొట్టంతో డొల్ల భాగాల్లోకి మైనం లాంటి కేవిటీ వాక్స్ కొట్టించాలి. ఆ తర్వాత కంతలు తెరిచి ఉన్నాయో లేదో తీగతో పొడిచి చూసుకోవాలి. బయటి రంగుకు లక్షలు పెట్టేవాళ్ళు ఈ వాక్స్‌కు వెనకాడటం నాకు అర్థం కాదు.

ఇప్పుడు ప్రభుత్వానికి ఒక మాట. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన బండ్లకు నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేలు. బండి అసలు రూపంలో ఉండాలని, ఛాసిస్‌లో మార్పులు చేయకూడదని అందులో షరతు. షరతు మంచిదే. కానీ దాన్ని చూసి భయపడి, కుళ్ళిన ముక్కను కోసి కొత్తది వేయించడానికి బదులు తారు పూసి దాచేవాళ్ళు తయారవుతున్నారు. అదే కొలతలో, అదే మందం రేకుతో తుప్పు భాగం మార్చడం రిపేరే అవుతుంది, ఛాసిస్ మార్పు కిందికి రాదు అని రవాణా శాఖ స్పష్టంగా చెప్పాలి. బాడీ దించినప్పటి ఫొటోలు, పాత ముక్క పక్కన కొత్త ముక్క పెట్టి తీసిన ఫొటోలు దరఖాస్తుతో తీసుకోవాలి. వాహనాన్ని పరిశీలించే కమిటీ దాన్ని లిఫ్ట్ మీదికి ఎక్కించి కింద నుంచి కూడా చూడాలి. మీ పత్రిక ఈ విషయం అధికారులను అడిగి, వాళ్ళ జవాబు ప్రచురిస్తే నాలాంటివాళ్ళం సంతోషిస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పెయింట్ ఇన్‌స్పెక్టర్,
మల్కాపురం, విశాఖపట్నం