చింటూ బడి గురించి అక్క ఉత్తరం

ఇర్వింగ్, టెక్సాస్
జూన్ 14

చిరంజీవి శ్రీనుకి, పద్మకి అక్క ఆశీస్సులు.

మీవాడు చింటూకి చదవడం, రాయడంలో ఉన్న ఇబ్బందికి ఇక్కడి బడిలో ఏం చేయించాలో ఫోన్లో చెబితే సగం జారిపోతుంది. అందుకే రాస్తున్నాను. ఈ కాగితాన్ని పాస్‌పోర్టుల ఫైల్లోనే పెట్టుకోండి.

వీసా మీద వచ్చిన పిల్లాణ్ని బడిలో చేర్చుకోరేమోనని పద్మ భయం కదా, ముందు దాని గురించి. వీసాని బట్టి పిల్లల్ని పబ్లిక్ స్కూలుకి రానివ్వకపోవడం కుదరదని ఇక్కడి సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది. చదువులో ఇబ్బంది ఉన్న పిల్లలకి ప్రత్యేక విద్య ఇవ్వాలనే కేంద్ర చట్టాన్ని ఐడియా అంటారు. ఇబ్బంది ఏమిటో తేల్చే పరీక్షలూ పాఠాలూ అన్నీ ఉచితం. ప్రైవేటు స్కూలు మీద ఈ బాధ్యత లేదు శ్రీనూ, కాబట్టి ఆ ఆలోచన మానుకో. చార్టర్ స్కూలైతే పరవాలేదు, అదీ పబ్లిక్ స్కూలే.

చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అనే రాయండి. ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునే పిల్లల క్లాసులో (ఈఎస్ఎల్) వేస్తారేమోనని మనవాళ్లు చాలామంది ఇంగ్లిష్ అని రాసేస్తారు. అప్పుడు పిల్లాడికి వచ్చిన భాష ఏదో బడికి తెలియదు. పరీక్షలన్నీ ఇంగ్లిషులోనే పెడతారు, ఫలితాలు తప్పుతాయి.

తెలుగని రాస్తే ఇంకో చిక్కు. "ఇంగ్లిష్ కొత్త కదా, ఒక ఏడాది చూద్దాం" అంటారు. దానికి జవాబు చింటూ తెలుగు నోటుపుస్తకాల్లోనే ఉంది. పద్మ పంపిన ఫోటో చూశాను. "పుస్తకం" అని చూసి రాయమంటే "పుసకం" అని రాశాడు, ఒత్తు ఎగిరిపోయింది. "కిటికీ" నాలుగుసార్లు రాస్తే నాలుగు రకాలుగా ఉంది, గుడి ఉండాల్సిన చోట గుడిదీర్ఘం, అది ఉండాల్సిన చోట గుడి. అదే కథ నోటితో చెప్పమంటే ఎక్కడా తడబడడు. పుట్టినప్పటి నుంచి వింటున్న భాషలోనే అక్షరం దగ్గర ఇలా ఆగిపోతున్నాడంటే కొత్త భాష ఒక్కటే కారణం కాదని ఎవరికైనా అర్థమవుతుంది. రెండేళ్ల నోటుపుస్తకాలు, ప్రోగ్రెస్ కార్డులు, క్లాసు టీచరు చేత రాయించిన ఒక కాగితం తెచ్చుకోండి. తప్పు ఉన్న ప్రతిచోటా పక్కన అది ఏం తప్పో ఇంగ్లిషులో రాసి పెట్టండి. తెలుగు వచ్చిన పరీక్షకులు ఇక్కడ దొరకడం కష్టం, ఆ పని మనమే చేసిపెట్టాలి.

ఇక అసలు సంగతి. టీచరుతో ఎంత మాట్లాడినా నోటిమాటతో బడి జవాబివ్వాల్సిన గడువు మొదలవదు. ప్రత్యేక విద్య కోసం పూర్తి పరీక్ష చేయమని తేదీ వేసి ఒక ఉత్తరం రాయాలి. అది ప్రిన్సిపాల్‌కీ, ఆ ప్రాంతం బడులన్నీ చూసే స్కూల్ డిస్ట్రిక్టులో స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కీ మెయిల్లో వెళ్లాలి. క్లాసు టీచరుకి మాత్రమే పంపితే లెక్కలోకి రాకపోవచ్చు. అది అందిన 15 బడి రోజుల్లో, పరీక్షకి ఒప్పుకుంటూ మీ సంతకం కోసం కాగితాలైనా పంపాలి, చేయం అని కారణాలతో నోటీసైనా ఇవ్వాలి. మీరు సంతకం పెట్టాక 45 బడి రోజుల్లో రిపోర్టు, ఆ తర్వాత 30 రోజుల్లో, ప్రత్యేక విద్య ఇవ్వాలా, ఎలా ఇవ్వాలి అని మీతో కలిసి తేల్చే మీటింగు. ఈ మీటింగుని టెక్సాస్‌లో ఏఆర్‌డీ అంటారు. ఆగస్టు మధ్యలో ఉత్తరం ఇచ్చినా, సెలవులు కలుపుకుంటే డిసెంబరు అవుతుంది. పరీక్షలు జరిగే రోజుల్లో మూడు రోజులు గానీ అంతకు మించి గానీ బడి మానితే, ఆ రోజులన్నీ గడువుకి కలుపుతారు. న్యూజెర్సీలో ఉన్న మన చుట్టాల లెక్క వేరు, అక్కడ సంతకం నుంచి 90 రోజులు. వాళ్లు చెప్పిన తేదీలు నమ్ముకోకండి.

"ముందు చిన్న గ్రూపులో కొన్ని వారాలు చదివిస్తాం, తర్వాత పరీక్ష సంగతి చూద్దాం" అనే మాట తప్పకుండా వస్తుంది. చదివించనివ్వండి, మంచిదే. కానీ ఆ పేరుతో పరీక్షని ఆపకూడదు. రెండూ కలిసే నడవాలని మెయిల్లో రాయండి. డిస్లెక్సియాకి, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం, రాయడం దగ్గర వచ్చే ఇబ్బందికి, 504 ప్లాన్ (అదనపు సమయం లాంటి సర్దుబాట్లు ఇచ్చే కాగితం) చాలని ఎవరైనా అంటే అది పాత మాట. 2023లో టెక్సాస్ చట్టం మారింది, డిస్లెక్సియా అనుమానం ఉంటే ఐడియా కిందే పరీక్షించాలి. గుంటూరు డాక్టరు రిపోర్టు కూడా తెండి. బడివాళ్లు దాన్ని చూడాలి, కానీ అదొక్కటి చూపిస్తే సర్వీసులు రావు.

రిపోర్టు మీటింగుకి ముందే చేతికి రావాలని అడగండి. బల్ల దగ్గర కూర్చుని 30 పేజీలు చదవడం ఎవరివల్లా కాదు. పద్మకి తెలుగు దుబాసీ కావాలని కూడా ముందే రాయండి, ఏర్పాటు చేయాల్సింది బడే.

మీటింగులో అందరూ ఎంతో మర్యాదగా మాట్లాడతారు. ఆ మర్యాదకి మెత్తబడి ఐఈపీని, అంటే వాడికోసం రాసే ప్రత్యేక విద్య ప్రణాళికని, పైపైన చూడకండి. "చదవడంలో మెరుగవుతాడు" అని రాస్తే అది లక్ష్యం కాదు. ఎలా ఉండాలో చెబుతాను: రెండో తరగతి స్థాయి పేరా ఇస్తే ఇప్పుడు నిమిషానికి 38 మాటలు తప్పు లేకుండా చదువుతున్నాడు, మే నాటికి 70 చదవాలి, రెండు వారాలకోసారి ఫలానా టీచరు కొలుస్తారు. పాఠం కూడా అంతే: రోజుకి ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్ని రోజులు, గ్రూపులో ఎంతమంది, చెప్పేవాళ్లకి డిస్లెక్సియా పద్ధతిలో శిక్షణ ఉందా. ఇవన్నీ కాగితం మీద ఉండాలి. "అవసరాన్ని బట్టి" అనే మాట కనిపిస్తే కొట్టేయించండి. అదనపు సమయం, ప్రశ్నలు చదివి వినిపించడం కావాల్సినవే, కానీ వాటితో చదవడం రాదు.

ఒప్పుకోలేకపోతే అప్పటికప్పుడు సంతకం పెట్టనక్కర్లేదు. పది బడి రోజుల్లోపు మళ్లీ కూర్చునే అవకాశం ఉంటుంది. బడి చేసిన పరీక్షే తప్పనిపిస్తే, బయటివాళ్లతో బడి ఖర్చు మీదే మళ్లీ చేయించమని రాతలో అడగండి. వాళ్లు డబ్బైనా కట్టాలి, తమ పరీక్ష సరైనదేనని విచారణలో నిరూపించుకోవడానికైనా వెళ్లాలి. చివరికి సర్వీసులు మొదలు కావాలంటే మీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అది మర్చిపోకండి.

అమ్మకి విషయం చెప్పండి, దాచకండి. వాడి ఎదురుగా "మొద్దు" అనే మాట ఎవరి నోటా రానివ్వకు పద్మా. వాడు మొద్దు కాదు.

బడికి ఇవ్వాల్సిన ఉత్తరాన్ని ఇంగ్లిషులో టైపు చేసి మెయిల్లో పంపాను. తేదీ ఖాళీగా వదిలాను. చేర్పించిన రోజు తేదీ వేసి అదే రోజు పంపండి.

మీ
అక్క