ఏడొచ్చిందిరా!

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే సూరీ,

నువ్వు రెండు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబివ్వలేదు. తిట్టుకో, తప్పు నాదే. ఇక్కడందరం బాగున్నాం. చిన్నది పదో క్లాసు పాసయింది, ప్రహరీ గోడ సగంలో ఆగింది. అవన్నీ తర్వాత. నా పన్ను ఊడిందిరా!

నవ్వకు. చెగోడీ కొరికానంతే. కింది వరసలో ముందు పన్ను నాలుక మీదికి వచ్చేసింది. నొప్పి లేదు, పెద్దగా రక్తమూ లేదు. అరచేతిలో వేసుకు చూస్తే వేరుతో సహా నిండుగా ఉంది, ఎక్కడా పుచ్చు లేదు. వేరు చుట్టూ మాత్రం నల్లటి గార, మాడిన గిన్నె అడుగులా. పుచ్చని పన్ను ఎందుకూడుతుందిరా? ఆ రాత్రంతా అదే ఆలోచన.

బరంపురం వెళ్ళాను. డాక్టరమ్మ కుర్రపిల్ల. సన్నటి పుల్లలాంటిది చిగురుకీ పంటికీ మధ్య దించుతూ, పక్కనున్న అమ్మాయికి ఒడియాలో అంకెలు చెబుతోంది. తిని, చారి, ఛొ, సాతొ. ఏడనగానే నాకు హుషారొచ్చేసింది. లెక్కల్లో నాకు ఏడొచ్చిన రోజు మనం ఏం చేశామో నీకు తెలుసుగా! తీరా అడిగితే అవి మిల్లీమీటర్లట. మూడు దాకా ఫరవాలేదు. అది దాటి పెరిగే కొద్దీ చిగురు పంటిని వదిలేసి సంచిలా అయిపోతున్నట్టు.

ఎక్స్‌రే చూపించి "దాంతొ భొలొ అచ్ఛి, హాడొ నాహిఁ" అంది. పన్ను బాగుంది, ఎముకే లేదు. మహేంద్రతనయ గట్టున మనం ఎక్కిన కొబ్బరిచెట్టు, గెలలతో సహా ఏట్లో పడిపోయింది చూడు, సరిగ్గా అదే! పాచి గట్టిపడి గారవుతుంది, చిగురు కిందికి దిగుతుంది, అక్కడ క్రిములు కాపురం పెడతాయి. ఆ క్రిములే ఎముక తినేశాయనుకున్నాను. కాదట. వాటిని తరమబోయి మన ఒళ్ళే వాపు తెచ్చుకుని, పంటిని ఎముకకి పట్టి ఉంచే నారల్నీ, ఆ ఎముకనీ కరిగించుకుంటుందట. ఎంత తెలివి!

పదేళ్ళ కిందట బ్రష్ చేస్తే రక్తం వచ్చేది. అప్పటికింకా ఒట్టి చిగుళ్ళ వాపే అయి ఉంటుంది, గార తీయిస్తే పూర్తిగా తగ్గిపోయేదంది. తర్వాత రక్తం దానంతటదే ఆగింది, నయమైందనుకున్నాను. ఎప్పుడాగిందో తెలుసా? నువ్వు మానేసిన సిగరెట్లు నేనందుకున్నాక! పొగ రక్తనాళాల్ని బిగించేసి రక్తం కనపడనివ్వదట, లోపల జరిగేది జరుగుతూనే ఉంటుందట. మొదటి పెట్టె నువ్విచ్చిందే, మరిచిపోకు.

గార తీయిస్తే పళ్ళు కదులుతాయని మా అత్త బెదిరిస్తే ఇన్నాళ్ళూ ఆగాను. అది చెబితే డాక్టరమ్మ ఒకటే నవ్వు. మత్తిచ్చి ఒక పక్క వేర్ల దాకా గీకింది. రెండో పక్క వచ్చే వారం. పోయిన ఎముక దానంతటది రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి, మూడు నెలలకోసారి రావాలి అంది. షుగరు కూడా చూపించుకోమంది. షుగరుంటే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు లొంగదు, అత్తాకోడళ్ళలాగ. నాన్నకుంది కదా, అందుకే కాస్త... సరేలే, రిపోర్టు రేపొస్తుంది.

పన్ను అగ్గిపెట్టెలో దాచాను. పారేయమని మీ చెల్లెలు పోరు. చిన్నప్పుడు మీ ఇంటి పెంకుల మీదికి విసిరేవాళ్ళం కదా. ఇప్పుడన్నీ శ్లాబులే.

తమ్ముడు టెక్కలి వెళ్తున్నాడు, అక్కడ పోస్టు చేస్తానన్నాడు. అసలు మన జీడితోట సంగతి రాయనే లేదు. ఆ రోజు వాడు నిజంగానే... ఉండు, హారను కొడుతున్నాడు.

నీ
గోపి