సున్నుండల డబ్బా కింద పుస్తకం

చిన్నా,

కందిపొడి, సున్నుండలు, నీ నీలం స్వెట్టరు పంపుతున్నాను. తల తడిస్తే వెంటనే తుడుచుకో. నాన్న బీపీ అదుపులోనే ఉంది. లలిత సంబంధం ఇంకా తేలలేదు.

మొన్న సుబ్బు మామయ్య వచ్చాడు. నీ సంగతులేవో చెప్పబోతే నేను పెద్దగా వినిపించుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా మంచం దిగడం లేదట, ఏది చూపించినా "ఇందులో ఏముంది" అంటున్నావట. వాడి మాటలు నేనెప్పుడు లెక్కచేశాను గనక!

డబ్బా కింద ఒక పాత సైన్స్ కథల పుస్తకం ఉంది. చిన్నపిల్లలదని పక్కన పడెయ్యకు.

1975లో మా ఊరి బడిలో టీవీ పెట్టారు. దేశంలో 2,400 ఊళ్ళను ఎంచితే అందులో మాదొకటి. ఆవరణలో కోళ్ళగూటికి కొట్టే ఇనుప జాలీతో పెద్ద యాంటెన్నా. ఊరంతా బొమ్మ ముందు కూర్చుంటే తాతయ్య మాత్రం కర్ర పట్టుకుని జాలీ వెనక్కి వెళ్ళాడు. "ఇన్ని కంతలున్నాయి, బొమ్మలు కారిపోవా?" అన్నాడు. అందరూ నవ్వారు. "36,000 కిలోమీటర్ల ఎత్తున అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 అనే ఉపగ్రహం ఉందండీ. భూమితో సమానంగా తిరుగుతుంది, అందుకే జాలీని తిప్పక్కర్లేదు" అన్నారు మాస్టారు. తాతయ్య నమ్మితేగా! మర్నాడు బొమ్మ నడుస్తుండగా కర్రతో జాలీని పక్కకు నెట్టి చూశాడు. బొమ్మ పోయింది. ఊరు ఊరంతా తిట్టింది. ఆయన ముఖంలో సంతోషం మాత్రం చూసి తీరాలి.

అలా ఒక్కచోటే నిలిచినట్టుండే ఉపగ్రహాలతో ప్రపంచమంతా ప్రసారాలు చేయవచ్చని ఆర్థర్ క్లార్క్ 1945లోనే లెక్కకట్టి రాశాడని నాకు ఇంటర్లో తెలిసింది. మొదటి ఉపగ్రహం ఎగిరిందే 1957లో! ఆయన కథలు రాసే మనిషి. అప్పటినుంచి ఆ కథలు వదల్లేదు, మీ నాన్న ఎంత వెక్కిరించినా.

జోస్యాల కోసం కాదు సుమా, అవి సగం తప్పుతాయి. 1865లో జూల్ వెర్న్ అనే ఫ్రెంచి రచయిత తన కథలో మనుషుల్ని ఫిరంగిలో కూర్చోబెట్టి చంద్రుడి వైపు పేల్చాడు. నిజంగా పేలిస్తే అక్కడికక్కడే పచ్చడైపోతారు. రష్యాలో సియొల్కోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త ఆ కథలకు మురిసిపోయి, ఫిరంగి పనికిరాదు, రాకెట్టే గతి అని లెక్కలు వేశాడు. మీ తరానికి అన్నీ చేతికే వస్తాయి, దేన్నీ నెట్టి చూడరు. ఉపన్యాసం అనుకోకు. చిన్నప్పుడు నువ్వూ ప్రతి కథలో తప్పులు పట్టేవాడివి, అందుకే చెబుతున్నాను.

రెండు కథలు చదివి, రచయిత ఎక్కడ పప్పులో కాలేశాడో రాయి. రాయకపోతే ఫోనైనా చెయ్యి. ఆదివారం పదింటికి నేనే చేస్తాను, మెలకువగానే ఉంటావుగా? సున్నుండలు నేతివి, పుస్తకం మీద పెట్టుకుని తినకు.

అమ్మ