జీవ మందులో జీవం ఉందో లేదో చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారములు.

రసాయన పురుగుమందులకు బదులుగా జీవ మందుల అమ్మకాలు ఏటేటా పెరుగుతుండడం సంతోషించవలసిన విషయమే. ఆనందపురం, పద్మనాభం మండలాల నుంచి విశాఖ రైతుబజార్లకు కూరగాయలు తెచ్చేవారు సైతం ఇప్పుడు ట్రైకోడెర్మా, సూడోమోనాస్, బవేరియా పేర్లు తడుముకోకుండా చెబుతున్నారు. అయితే వీటిలో ఉండేవి ప్రాణమున్న శిలీంధ్రాలు, బ్యాక్టీరియాలు అన్న సంగతిని అమ్మేవారు గానీ, తనిఖీ చేసేవారు గానీ పట్టించుకుంటున్నట్లు కనిపించడం లేదు.

గత వేసవిలో ఒక దుకాణంలో నారుకుళ్లును అరికట్టే శిలీంధ్రమైన ట్రైకోడెర్మా పొట్లాలను రేకుల కప్పు కింద, గంధకం సంచులకు ఆనించి పేర్చి ఉంచగా చూశాను. గ్రాముకు 20 లక్షల జీవకణాలు ఉన్నట్లు పొట్లం మీద అచ్చు వేసి ఉంది, గడువు కూడా దాటలేదు. కానీ రోళ్లు పగిలే రోహిణి కార్తె వేడిలో వాటిలో ఎన్ని బతికి ఉంటాయి? రైతు మాత్రం ఆ పొడిని నమ్మి, రెండు కిలోలకు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి, వారం పది రోజులు మగ్గబెట్టి నారుమడిలో వేస్తాడు. అప్పటికీ నారు కుళ్లితే తప్పు దుకాణానిదని అతనికి తెలియదు. బయో మందులు పనిచేయవని తీర్మానించుకుని, మరుసటి పంటకు మళ్లీ పాత రసాయన మందు డబ్బానే కొంటాడు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మోసం మరొకటి ఉంది. బవేరియా శిలీంధ్రం పురుగు చర్మానికి అంటుకుని, మొలకెత్తి, లోపలికి చొచ్చుకుపోయి చంపడానికి కొన్ని రోజులు పడుతుంది; చచ్చిన పురుగు మీద, గాలిలో తగినంత తేమ ఉంటే, తెల్లని బూజు కమ్ముకుంటుంది. అలాంటిది పొద్దున పిచికారీ చేస్తే సాయంత్రానికి పురుగంతా రాలిపోయిందంటే, ఆ సీసాలో రసాయనం కలిసి ఉండవచ్చని అనుమానించక తప్పదు. రసాయనం వాడలేదన్న నమ్మకంతో ఆ వంకాయలు కొనే నగరవాసి కూడా ఇక్కడ మోసపోతున్నాడు.

చట్టం లేక కాదు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం జీవ మందులకూ వర్తిస్తుంది, కేంద్ర రిజిస్ట్రేషన్ లేనిదే అమ్మరాదు. మొక్కల ఎదుగుదలకు వాడే జీవ ఉత్ప్రేరకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. అయినా సీసా మీద ఎదుగుదల మందు అని రాసి, నోటితో మాత్రం పురుగు చస్తుందని చెప్పి అమ్మే తీరు పోలేదు.

ఇక చెరకు పీకపురుగు మీద వాడే ట్రైకోగ్రామా కార్డులది వేరే కథ. బియ్యంలో పెరిగే రెక్కల పురుగు గుడ్లలో, పంట పురుగుల గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా అనే చిన్న పరాన్నజీవి కందిరీగను పెంచి, ఆ గుడ్లను అట్టకు అతికిస్తారు. రైతు వాటిని ముక్కలు చేసి ఆకుల అడుగున గుచ్చుతాడు. రోజుల్లోనే ఆ గుడ్లలోంచి కందిరీగలు బయటికి వచ్చి ఎగిరిపోతాయి కనుక ఇవి దుకాణంలో నిల్వ పెట్టే సరుకు కాదు. చోడవరం, అనకాపల్లి చెరకు రైతులకు సమయానికి అందాలంటే దగ్గర్లోనే తయారు కావాలి. చెరకు మీద ఎంతో కాలంగా పనిచేస్తున్న అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఇందుకు పూనుకోవాలని, రైతు సేవా కేంద్రాల ద్వారా ముందుగానే రైతుల అవసరాన్ని నమోదు చేసుకోవాలని కోరుతున్నాను.

దుకాణాలలో అమ్మకానికి ఉన్న జీవ మందుల నమూనాలను వ్యవసాయ శాఖ, ముఖ్యంగా వేసవి చివర ఖరీఫ్ అమ్మకాలకు ముందు, సేకరించాలి. వాటిలో బతికి ఉన్న కణాలు ఎన్ని, కలిపిన రసాయనాలు ఏమైనా ఉన్నాయా అన్న రెండు పరీక్షలూ చేయించి, ఫలితాలను బ్యాచ్ నంబర్లతో సహా పత్రికలకు ఇవ్వాలి. చల్లని చోట నిల్వ చేసే ఏర్పాటు లేని దుకాణాలకు ఈ మందులు అమ్మే అనుమతి ఇవ్వరాదు.

భవదీయుడు,
వ్యవసాయ శాఖ విశ్రాంత ఉద్యోగి,
సీతమ్మధార, విశాఖపట్నం